జీపీఎస్ మాడ్యూల్‌కు యాంటెన్నా ఎలా కలపాలి: మధ్య పిన్నులోని వోల్టేజీ నుంచి డాబా మీది పైపు దాకా

మాడ్యూల్‌కు కరెంటు అందుతోంది. సీరియల్ మానిటర్‌లో లైన్లు వరుసగా వస్తున్నాయి. కానీ వాటిలో కామాలు తప్ప అంకెల్లేవు. గంట ఆగినా ఫిక్స్ (మాడ్యూల్ తానున్న చోటును కనిపెట్టడం) రాదు. బీటెక్ ప్రాజెక్టు చేసే పిల్లలు, బండ్లకు ట్రాకర్లు బిగించేవాళ్లు, పత్తి చేలకు డ్రోన్లు తయారుచేసేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగేది దీని గురించే. చాలామంది మొదట కోడ్ మారుస్తారు, అది కుదరకపోతే మాడ్యూలే మారుస్తారు. కామాలతోనైనా లైన్లు వస్తున్నాయంటే మాడ్యూల్ బతికే ఉంది, మీ వైర్లూ కోడూ సరిగ్గానే ఉన్నాయి. దానికి ఆకాశం వినపడటం లేదు, అంతే. తప్పు యాంటెన్నా దారిలో ఉంటుంది. ఆ దారిని ఒక కొస నుంచి మరో కొస దాకా ఎలా కలపాలో, ఎక్కడెక్కడ కొలిచి చూసుకోవాలో ఇక్కడ వరుసగా చెబుతున్నాం.

సిద్ధాంతం రెండు ముక్కల్లో సరిపెడదాం. జీపీఎస్ ఎల్1 సిగ్నల్ 1575.42 మెగాహెర్ట్జ్ మీద వస్తుంది. 20,000 కిలోమీటర్ల పైనుంచి మన డాబా మీదికి చేరేసరికి దాని బలం సుమారు మైనస్ 130 డీబీఎం. అంత సన్నటి సిగ్నల్ కేబుల్లో ఒక మీటరు నడిచినా అరిగిపోతుంది. అందుకే యాంటెన్నాలోనే చిన్న యాంప్లిఫయర్ పెడతారు. అది ఉన్నది యాక్టివ్ యాంటెన్నా, లేనిది పాసివ్. యాక్టివ్ దానికి కరెంటు కావాలి, ఆ కరెంటు వేరే వైరులో రాదు. సిగ్నల్ కిందికి దిగే అదే కేబుల్ మధ్య తీగలో, మాడ్యూల్ నుంచి పైకి వెళ్తుంది. ఫిక్స్ రాని కేసుల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క సంగతి తెలియక వచ్చేవే.

ఏమేం కావాలి

- మీ మాడ్యూల్. నియో-6ఎం, నియో-ఎం8ఎన్, జెడ్-ఎఫ్9పీ ఏదైనా సరే.
- దానికి సరిపోయే యాంటెన్నా. సరిపోవడం అంటే ఏమిటో 2వ అంచెలో ఉంది.
- బోర్డు మీద చిన్న గుండ్రటి సాకెట్ ఉంటే, దాని నుంచి ఎస్‌ఎంఏకి (మర తిప్పి బిగించే కనెక్టరుకు) మార్చే పిగ్‌టెయిల్ వైరు, 10 నుంచి 15 సెంటీమీటర్లది.
- డిజిటల్ మల్టీమీటర్. మామూలు చవక రకం చాలు, కానీ ఇది లేకుండా పని మొదలుపెట్టకండి.
- మాడ్యూల్ పంపే లైన్లు కంప్యూటర్‌లో చూడటానికి యూఎస్‌బీ నుంచి టీటీఎల్‌కు మార్చే చిన్న బోర్డు, దానితోపాటు కంప్యూటర్. యూ-బ్లాక్స్ కంపెనీ మాడ్యూల్ (పైన చెప్పిన మూడూ దానివే) అయితే విండోస్‌లో యూ-సెంటర్ సాఫ్ట్‌వేర్ వేసుకోండి, ఉచితమే.
- పది సెంటీమీటర్ల చదరం లేదా గుండ్రటి ఇనుప రేకు ముక్క.
- బయట బిగించేట్టయితే: సాగదీసి చుట్టే రబ్బరు టేపు, కేబుల్ టైలు, కరెంటు పనివాళ్లు వాడే పీవీసీ పైపు, క్లాంపులు.
- ఒక స్టీలు గిన్నె. పరీక్షకు కావాలి.

1. ముందు కనెక్టరు ఏదో తేల్చుకోండి

చవక బోర్డుల మీద యాంటెన్నా సాకెట్ పెసరగింజ కన్నా చిన్నగా, బంగారు రంగు రింగులా ఉంటుంది. దాన్ని యూ.ఎఫ్.ఎల్ అంటారు, ఐపెక్స్ అని కూడా అమ్ముతారు. రింగు వ్యాసం సుమారు 2 మిల్లీమీటర్లు. దీనికి చెల్లెలు లాంటిది ఎంహెచ్ఎఫ్4, సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లే. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఒకదాని మీద ఒకటి కూర్చోవు. ల్యాప్‌టాప్ వైఫై కార్డు నుంచి తీసిన వైరు జీపీఎస్ బోర్డుకు పట్టడం లేదంటే కారణం ఇదే కావచ్చు. బలవంతంగా నొక్కితే సాకెట్టే బోర్డు నుంచి ఊడొస్తుంది.

పెద్ద బోర్డుల మీద ఎస్‌ఎంఏ ఉంటుంది, మర తిప్పి బిగించేది. ఇక్కడ జాగ్రత్త. వైఫై రౌటర్లకు వాడేది ఆర్‌పీ ఎస్‌ఎంఏ. మరలు అవే, లోపలి పిన్ను మాత్రం అటుదిటు. గుర్తుపట్టడం తేలిక:

జీపీఎస్ యాంటెన్నా కేబుల్ కొస: మర లోపలి వైపు, మధ్యలో పిన్ను.
బోర్డు వైపు సాకెట్: మర బయటి వైపు, మధ్యలో రంధ్రం.

బోర్డు వైపు మధ్యలో కూడా పిన్నే కనిపిస్తే అది ఆర్‌పీ రకం. రెండు పిన్నులు గుద్దుకుని లోపలికి నొక్కుకుపోతాయి. రెండు వైపులా రంధ్రాలే ఉంటే మర బాగానే బిగుస్తుంది, కానీ లోపల అసలు తగలదు. పైకి అంతా సరిగ్గా కనిపిస్తుంది కాబట్టి ఈ రెండో తప్పు పట్టుకోవడానికి రోజులు పోతాయి. బిగించే ముందు రెండు కొసల్లోకీ టార్చి వేసి చూడండి. పిగ్‌టెయిల్ కొనేటప్పుడు షాపతనికి రౌటర్ వైరు అని చెప్పొద్దు, జీపీఎస్ వైరు అని అడిగి విప్పి చూసుకోండి.

2. యాంటెన్నా మీ మాడ్యూల్ వినే బ్యాండ్లు వింటుందా?

నియో-6ఎం వినేది జీపీఎస్ ఎల్1 ఒక్కటే. దానికి ఏ జీపీఎస్ యాంటెన్నా అయినా సరిపోతుంది. నియో-ఎం8ఎన్ రష్యా వాళ్ల గ్లోనాస్ (1602 మెగాహెర్ట్జ్ చుట్టూ), చైనా వాళ్ల బైడూ (1561 దగ్గర) ఉపగ్రహాలను కూడా వింటుంది. 1575 కోసం మాత్రమే సన్నగా ట్యూన్ చేసిన పాత యాంటెన్నా పెడితే ఆ రెండూ నీరసంగా వస్తాయి. జీపీఎస్ బలం బాగుండి గ్లోనాస్ ఒక్కటే తక్కువగా కనిపిస్తే మాడ్యూల్‌ను అనుమానించకండి.

జెడ్-ఎఫ్9పీ లాంటి రెండు బ్యాండ్ల మాడ్యూల్‌కు రెండు బ్యాండ్ల యాంటెన్నాయే కావాలి. ఎల్2 అంటే 1227.60 మెగాహెర్ట్జ్. చవక చదరపు యాంటెన్నాలోని ఫిల్టర్ దాన్ని లోపలికే రానివ్వదు. మాడ్యూల్‌కు వేలకు వేలు పెట్టి, యాంటెన్నా దగ్గర పొదుపు చేస్తే సెంటీమీటర్ల కచ్చితత్వం కలలోనే. మన దేశపు ఉపగ్రహ వ్యవస్థ నావిక్ కోసం చూసేవాళ్లకు ఎల్5, అంటే 1176.45 మెగాహెర్ట్జ్ ఉన్న యాంటెన్నా కావాలి. 2023 మేలో ప్రయోగించిన ఎన్‌వీఎస్-01 నుంచి నావిక్‌లో ఎల్1 కూడా మొదలైంది, కానీ అంతకుముందు ఎగిరిన ఉపగ్రహాల్లో అది లేదు.

తర్వాత స్టిక్కర్ మీద వోల్టేజీ చదవండి. 3 నుంచి 5 వోల్టులు అని ఉంటే నిశ్చింత. 5 వోల్టులు మాత్రమే అని ఉంటే 3.3 ఇచ్చే బోర్డు మీద గెయిన్ (యాంటెన్నా సిగ్నల్‌ను ఎంత పెంచుతుందో అది) పడిపోతుంది. 3.3 మాత్రమే తట్టుకునేదానికి 5 ఇస్తే అది పోయినట్టే. కొన్ని బోర్డుల మీద 3.3 కావాలా 5 కావాలా అని ఎంచుకునే జంపర్ ఉంటుంది. కరెంటు ఇవ్వకముందే అది ఏ వైపు ఉందో చూసుకోండి.

3. మధ్య పిన్నులో వోల్టేజీ కొలవండి

ఈ అంచె దాటేయకండి. మిగతావన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నాయి.

యాంటెన్నా తగిలించకుండా, పిగ్‌టెయిల్ మాత్రం బోర్డుకు తొడిగి, మాడ్యూల్‌కు కరెంటు ఇవ్వండి. మల్టీమీటరును 20 వోల్టుల డీసీ మీద పెట్టండి. నల్ల ప్రోబ్‌ను ఎస్‌ఎంఏ బయటి మర మీద ఆనించండి. ఎర్ర ప్రోబ్ మొనకు ఒక సన్నటి రాగి పోగు చుట్టి, దాని కొసను మధ్య రంధ్రంలో తగిలించండి. ప్రోబ్ మొననే లోపలికి గుచ్చితే రంధ్రం వెడల్పై తర్వాత పిన్నును పట్టదు. పోగు పక్క గోడకు తగలకూడదు, తగిలితే షార్ట్. బోర్డు మీది యూ.ఎఫ్.ఎల్ సాకెట్‌లో నేరుగా కొలవబోకండి, చేయి ఏమాత్రం వణికినా షార్టే.

3 నుంచి 3.3 వోల్టులు చూపిస్తే మీ బోర్డు యాక్టివ్ యాంటెన్నాకు కరెంటు ఇస్తోంది. 4వ అంచె వదిలేయొచ్చు.

5 వోల్టులు చూపిస్తే యాంటెన్నా స్టిక్కర్‌తో మళ్లీ పోల్చుకోండి.

సున్నా చూపిస్తే రెండు కారణాలు ఉండొచ్చు. ఆ బోర్డును పాసివ్ యాంటెన్నా కోసమే చేసి ఉండొచ్చు, లేదా ఇంతకుముందెప్పుడో షార్ట్ అయ్యి కరెంటిచ్చే దారిలోని కాయిల్ గానీ రెసిస్టర్ గానీ కాలిపోయి ఉండొచ్చు. చాలా డిజైన్లలో ఆ దారిలో 10 ఓముల రెసిస్టర్ ఒకటే అడ్డు. 3.3 వోల్టులు నేరుగా షార్ట్ అయితే 330 మిల్లీ ఆంపియర్లు పారుతుంది, పిండి రవ్వంత రెసిస్టర్ అది తట్టుకోదు. కరెంటు తీసేసి ఆ రెసిస్టర్ రెండు కొసల మధ్య ఓములు కొలవండి. అంకె రాకుండా తెరిచినట్టు చూపిస్తే అది కాలింది.

పాసివ్ యాంటెన్నా కలపాలనుకునేవాళ్లు ఇంకోటి చూడాలి. విడిగా ఉన్న యాంటెన్నాను ఓముల మోడ్‌లో మధ్య పిన్నుకూ బయటి రింగుకూ మధ్య కొలవండి. కొన్ని పాసివ్ యాంటెన్నాల్లో, ముఖ్యంగా స్ప్రింగులా చుట్టిన రకాల్లో, రెండూ డీసీకి కలిసే ఉంటాయి. అది వాటి నిర్మాణం, లోపం కాదు. కానీ 3.3 వోల్టులున్న సాకెట్‌కు దాన్ని తగిలిస్తే షార్ట్. సున్నా దగ్గర చూపిస్తే మధ్యలో డీసీ బ్లాక్ (కరెంటును ఆపి సిగ్నల్‌ను మాత్రం వదిలే ముక్క) పెట్టకుండా కలపొద్దు.

4. వోల్టేజీ లేకపోతే

రెండు దార్లున్నాయి. ఒకటి, పాసివ్ యాంటెన్నా పెట్టి దాన్ని బోర్డుకు 10, 15 సెంటీమీటర్ల లోపే ఉంచడం. ట్రాకర్ డబ్బాలకు ఇది బాగుంటుంది. రెండోది బయాస్ టీ. దానికి మూడు ముఖాలుంటాయి: ఒకటి యాంటెన్నాకు, ఒకటి మాడ్యూల్‌కు, ఒకటి కరెంటుకు. యాంటెన్నా వైపు కరెంటును పంపిస్తుంది, మాడ్యూల్ వైపు ఆపుతుంది. రెడీమేడ్‌గా దొరికేదే కొనండి, 1 నుంచి 2 గిగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తుందని రాసి ఉండాలి. కాయిలూ కెపాసిటరూ కలిపి జీరో బోర్డు మీద సోల్డర్ చేస్తే చాలదా అని అడుగుతారు. ఒకటిన్నర గిగాహెర్ట్జ్ దగ్గర సెంటీమీటరు వైరు కూడా కాయిల్‌లా ప్రవర్తిస్తుంది. పని చేసినట్టే ఉంటుంది, సిగ్నల్ సగం అక్కడే పోతుంది.

బయాస్ టీని తిరగేసి పెట్టకండి. మాడ్యూల్ ముఖం మీద సున్నా వోల్టులు, యాంటెన్నా ముఖం మీద మీరు ఇచ్చిన వోల్టులు ఉన్నాయా అని 3వ అంచెలోలాగే కొలిచి, ఆ తర్వాతే కలపండి.

5. కరెంటు తీసేసి, తొడగండి

యూ.ఎఫ్.ఎల్ ప్లగ్గును సాకెట్ మీద నిటారుగా పెట్టి, బొటనవేలితో తిన్నగా నొక్కండి. టిక్ మని కూర్చోవాలి. వంకరగా నొక్కితే లోపలి సన్నటి పిన్ను వంగుతుంది. తీసేటప్పుడు వైరు పట్టుకుని లాగొద్దు, ప్లగ్గు కింద సన్నటి పనిముట్టు దూర్చి పైకి లేపండి. ఈ ప్లగ్గులు సుమారు 30 సార్లు తొడిగి తీసేందుకే చేసినవి. రోజూ పరీక్షలు చేసేవాళ్లు పిగ్‌టెయిల్‌ను ఒకసారి తొడిగి అలాగే వదిలేయండి, అటువైపు ఎస్‌ఎంఏ దగ్గర మార్చుకోండి. తొడిగాక వైరును బోర్డుకు ఒక చుక్క హాట్ గ్లూతో గానీ టైతో గానీ అంటించండి. బండి కుదుపులకు ముందు ఊడేది ఇదే.

ఎస్‌ఎంఏను వేళ్లతో బిగించి, ఆపైన స్పానర్‌తో చిటికెడు తిప్పితే చాలు. తిప్పాల్సింది నట్టును మాత్రమే. కేబుల్ అంతటినీ తిప్పితే లోపల పిన్ను సాకెట్‌ను అరగదీస్తుంది.

6. కేబుల్ ఎంత పొడవు వరకు?

మామూలు యాక్టివ్ యాంటెన్నా గెయిన్ 28 డీబీ ఉంటుంది. అందులో కేబుల్ తినేది పోగా మాడ్యూల్ దగ్గరికి కనీసం 15 డీబీ మిగిలేలా చూసుకోండి. ఒకటిన్నర గిగాహెర్ట్జ్ దగ్గర మీటరుకు ఎంత పోతుందో చూడండి:

ఆర్‌జీ-174 (సన్నటి నల్ల వైరు, యాంటెన్నాతో వచ్చేది): సుమారు 1.3 డీబీ
ఆర్‌జీ-58: సుమారు 0.7 డీబీ
ఎల్‌ఎంఆర్-200: 0.42 డీబీ
ఆర్‌జీ-6, అంటే డిష్ కేబుల్: సుమారు 0.3 డీబీ
ఎల్‌ఎంఆర్-400: 0.17 డీబీ

యాంటెన్నాతో వచ్చిన 3 లేదా 5 మీటర్ల వైరుతో ఇబ్బంది లేదు. ఆర్‌జీ-174నే 10 మీటర్లకు పెంచితే 13 డీబీ పోయి 15 మిగులుతాయి, అంటే అంచున ఉన్నట్టు. 15 మీటర్లయితే అది పనికిరాదు. రెండంతస్తుల ఇంట్లో డాబా నుంచి కింది గదికి దించాలంటే ఎల్‌ఎంఆర్-200 గానీ డిష్ కేబుల్ గానీ వాడండి. డిష్ కేబుల్ 75 ఓములది కదా, జీపీఎస్‌కు 50 కావాలి కదా అంటారు. ఆ తేడా వల్ల పోయేది డీబీలో ఐదో వంతు కూడా ఉండదు. 20 మీటర్లకు సన్న 50 ఓముల వైరు వాడే కంటే ఇదే మేలు. డిష్ కేబుల్‌కుండే ఎఫ్ కనెక్టరు నుంచి ఎస్‌ఎంఏకి మార్చే అడాప్టరు మంచిది చూసి కొనండి.

ఒక్క హెచ్చరిక. ఇంట్లో ముందే వేసి ఉన్న డిష్ లైనులోకి, టీవీ స్ప్లిట్టర్ గుండా, జీపీఎస్‌ను కలపొద్దు. సెట్‌టాప్ బాక్సు ఆ తీగలో 13 లేదా 18 వోల్టులు పంపుతుంది. మాడ్యూలూ యాంటెన్నా రెండూ ఒకేసారి పోతాయి. కొత్త కేబుల్ వేరుగా లాగండి.

అసలు 20 మీటర్లు దాటే దూరమైతే మా సలహా వేరు: సిగ్నల్‌ను కిందికి దించకండి, మాడ్యూల్‌నే పైకి ఎక్కించండి. ప్లాస్టిక్ డబ్బాలో మాడ్యూల్‌ను యాంటెన్నా పక్కనే పెట్టి, డేటాను ఆర్‌ఎస్-485 (ఎక్కువ దూరాలకు డేటా పంపే పద్ధతి) మీద రెండు తీగల్లో దించండి. వంద మీటర్లకూ ఢోకా లేదు. డబ్బా తెల్లదై నీడలో ఉండాలి. మాడ్యూళ్లు 85 డిగ్రీల దాకా తట్టుకుంటాయని రాసి ఉంటుంది, కానీ మే నెలలో వరంగల్, రామగుండం వైపు గాలే 45 డిగ్రీలకు చేరుతుంది, మూసిన డబ్బా ఎండలో ఎంత కాగుతుందో ఊహించుకోండి.

7. ఎక్కడ పెట్టాలి

యాంటెన్నాకు ఆకాశం కనపడాలి. స్లాబు కింద, సిమెంటు ఇంట్లో కిటికీకి దూరంగా పెడితే సిగ్నల్ రాదు. ఇనుప రేకుల షెడ్డు కింద పెట్టినా అంతే. సిమెంటు రేకుల కింద కొంత వస్తుంది, దాన్ని నమ్ముకోకండి. కిటికీ మామూలు అద్దమైతే పర్వాలేదు, మెరిసే పూత లేదా సన్ ఫిలిం ఉన్న అద్దమైతే అది చాలావరకు ఆపేస్తుంది. కార్లో ముందు అద్దం కింద పెట్టేవాళ్లు ఫిలిం లేని చోటు చూసుకోండి.

సెరామిక్ ముక్క బయటికి కనిపించే యాంటెన్నా అయితే వెండి చదరం, మధ్యలో సోల్డర్ చుక్క ఉన్న వైపు ఆకాశం చూడాలి. డబ్బాలో నిలబెట్టి, లేదా బోర్లా అంటించి, పని చేయడం లేదనేవాళ్లు చాలామంది. ఆ వెండి చదరం మీద ఎం-సీల్, మెటాలిక్ పెయింటు, అల్యూమినియం స్టిక్కరు ఏదీ ఉండకూడదు.

చదరపు యాంటెన్నా కింద లోహపు పళ్లెం ఉంటే బలం పెరుగుతుంది, కింది నుంచి తిరిగి వచ్చే ప్రతిబింబాలు తగ్గుతాయి. కనీసం 7 సెంటీమీటర్ల చదరం, 10 ఉంటే ఇంకా మంచిది. ట్రాక్టరు మీద, కారు మీద అయితే పైకప్పు మధ్యలో అయస్కాంతంతో అంటిస్తే ఆ కప్పే పళ్లెం. ఇనుప పళ్లెం కింద ఉండాలి, పైన గానీ పక్కన గానీ కాదు.

డాబా మీద పిట్టగోడ కన్నా, నీళ్ల ట్యాంకు కన్నా ఎత్తులో పెట్టండి. నిండిన ట్యాంకు ఆకాశంలో ఆ ముక్కను మూసేస్తుంది. ఏదో ఒక వైపు అడ్డం తప్పదనుకుంటే అది ఉత్తరాన ఉండేలా చూసుకోండి. జీపీఎస్ ఉపగ్రహాల కక్ష్యలు భూమధ్యరేఖకు 55 డిగ్రీలు వాలి ఉంటాయి, అందుకని మన దగ్గర సరిగ్గా ఉత్తర దిక్కున సుమారు 40 డిగ్రీల ఎత్తు దాకా జీపీఎస్ ఉపగ్రహం ఏదీ రాదు. ట్యాంకుకు దక్షిణం వైపు యాంటెన్నా పెడితే పోయేది దాదాపు ఏమీ లేదు. నావిక్ వాడేవాళ్లకు దక్షిణం మరీ ముఖ్యం. 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీది స్థిర ఉపగ్రహ స్థానం వరంగల్ నుంచి దక్షిణం వైపు 68 డిగ్రీల ఎత్తులో ఉంటుంది.

డ్రోన్ల మీద కార్బన్ ఫైబర్ పలక కింద పెట్టొద్దు, అది కూడా లోహంలాగే అడ్డుపడుతుంది. 1.2, 1.3 గిగాహెర్ట్జ్ వీడియో ట్రాన్స్‌మిటర్లు ఎల్1, ఎల్2 రెండింటినీ మింగేస్తాయి. వోల్టేజీ తగ్గించే బక్ కన్వర్టర్లు, కెమెరా రిబ్బన్ వైర్లు కూడా దూరంగా ఉండాలి. పది సెంటీమీటర్ల పుల్ల మీద పైకి లేపితే చాలాసార్లు సమస్య అక్కడితో తీరుతుంది.

8. వాన, కోతులు, పిడుగు

బయటి ప్రతి కనెక్టరుకూ రబ్బరు టేపును సాగదీసి, కింది నుంచి పైకి చుట్టండి, పై పొర కింది పొరను కప్పాలి. దాని మీద మామూలు నల్ల టేపు. గోడలోకి దూరే ముందు కేబుల్‌ను కిందికి ఒక వంపు తిప్పండి, నీళ్లు ఆ వంపు అడుగున కారిపోతాయి. వంపు లేకపోతే జూన్‌లో మొదటి వానకే నీరు వైరు వెంట ఇంట్లోకి వస్తుంది.

వరంగల్, హనుమకొండ డాబాల మీద కోతుల సంగతి వేరే చెప్పక్కర్లేదు. వేలాడే నల్ల వైరును అవి వదలవు. కేబుల్‌ను మొత్తం పీవీసీ పైపులో నడిపించి ప్రతి అర మీటరుకూ క్లాంపు వేయండి. యాంటెన్నాను జీఐ పైపు కొసన నట్టుతో బిగించండి. అయస్కాంతం మీద ఆధారపడొద్దు, ఎండాకాలపు గాలిదుమారానికి కూడా అది నిలవదు.

పిడుగు పడితే ఏ రక్షణా పూర్తిగా కాపాడదు. అయినా శాశ్వతంగా బిగించేవాటికి కేబుల్ ఇంట్లోకి వచ్చేచోట డీసీని దాటనిచ్చే రకం అరెస్టర్ (పిడుగు దెబ్బను నేలకు మళ్లించే ముక్క) పెట్టి, దానికి ఎర్తింగ్ ఇవ్వండి. డీసీని ఆపే రకం పెడితే యాంటెన్నాకు కరెంటు అందదు. జీఐ పైపుకు కూడా ఎర్తింగ్ ఉండాలి. ఉరుములు మొదలయ్యాక డాబా ఎక్కి కనెక్టర్లు ముట్టుకోవద్దు.

9. కరెంటు ఇచ్చి చూడండి

మొదటిసారి పరీక్ష తప్పకుండా ఆరుబయటే చేయండి. సీరియల్ వేగం నియో-6ఎంకు 9600. యాంటెన్నా తగిలించాకే కరెంటు ఇవ్వండి. మొదటి ఫిక్స్‌కు కంపెనీ చెప్పేది అర నిమిషమే, కానీ చాలాకాలం పడున్న మాడ్యూల్‌కు ఆరుబయట ఐదు నిమిషాలైనా ఇవ్వండి. ఈలోపు దాన్ని అటూ ఇటూ తిప్పకండి. ప్రతి ఉపగ్రహం నుంచి దాని కక్ష్య వివరం అందడానికి 30 సెకన్లు పడుతుంది, మధ్యలో సిగ్నల్ తెగితే మళ్లీ మొదటి నుంచే.

ఎలా సరిచూసుకోవాలి

ముందు టైం వస్తుంది, తర్వాతే చోటు వస్తుంది. ఆర్‌ఎంసీ లైనులో (దాని మొదటి పదం చివర RMC అని ఉంటుంది; కింద చెప్పే జీఎస్‌వీ, జీజీఏ లైన్లకూ ఇలాగే GSV, GGA అని ఉంటుంది) గంటలు, నిమిషాలు నిండితే ఒక్క ఉపగ్రహమైనా వినపడుతోందని అర్థం (బ్యాకప్ బ్యాటరీ ఉన్న బోర్డుల్లో ఈ గుర్తు నమ్మకండి, పాత టైమే చూపించొచ్చు). ఆ టైం మన గడియారం కన్నా ఐదున్నర గంటలు వెనక ఉంటుంది, అది తప్పు కాదు.

అసలు చూడాల్సింది జీఎస్‌వీ లైన్లు. ప్రతి ఉపగ్రహానికీ నాలుగు అంకెలుంటాయి: దాని నంబరు, ఎత్తు కోణం, దిక్కు, చివరిది బలం. ఈ నాలుగో అంకె మీకు యాంటెన్నా ఆరోగ్యం చెబుతుంది. డాబా మీద యాక్టివ్ యాంటెన్నాతో నెత్తిన ఉన్న మూడు నాలుగు ఉపగ్రహాలకు 42 నుంచి 48 రావాలి. 35 నుంచి 40 అయితే పని జరుగుతుంది. అన్నీ 30 లోపే ఉంటే ఫిక్స్ వచ్చినా అటూ ఇటూ ఊగుతుంది. 25 దగ్గర అయితే ఏమీ రాదు. ఒక్క ఉపగ్రహం తక్కువ ఉందని కంగారు పడకండి, దిగంతం దగ్గరున్నవి ఎప్పుడూ నీరసమే.

ఇప్పుడు గిన్నె పరీక్ష. నడుస్తున్న యాంటెన్నా మీద స్టీలు గిన్నె బోర్లించండి. పది సెకన్లలో బలాలన్నీ దభేలున పడాలి, తీస్తే మళ్లీ లేవాలి. గిన్నె బోర్లించినా అంకెలు కదలకపోతే మాడ్యూల్ వింటున్నది ఆ యాంటెన్నాను కాదు. బోర్డు మీదనే ఇంకో సెరామిక్ యాంటెన్నా ఉందేమో, సెలెక్టర్ దానివైపు ఉందేమో చూడండి.

యాంటెన్నా కరెంటు తీసుకుంటోందా అన్నదీ తెలుసుకోవచ్చు. ఆ 10 ఓముల రెసిస్టర్ రెండు కొసల మధ్య వోల్టేజీ కొలవండి. యాంటెన్నా తగిలించినప్పుడు 0.05 నుంచి 0.2 వోల్టులు చూపిస్తే 5 నుంచి 20 మిల్లీ ఆంపియర్లు పారుతోంది, అది ఆరోగ్యం. సున్నా అయితే కేబుల్ ఎక్కడో తెగింది. 3 వోల్టుల దగ్గర చూపిస్తే వెంటనే కరెంటు తీసేయండి, షార్ట్ ఉంది. యూ-సెంటర్‌లో యాంటెన్నా స్థితి ఓకే అని చూపించినంత మాత్రాన నమ్మొద్దు. దాన్ని కనిపెట్టే సర్క్యూట్ చవక బోర్డుల మీద ఉండదు, యాంటెన్నా పీకేసినా ఓకే అనే బోర్డులున్నాయి.

చివరగా చోటు. జీజీఏ లైనులో వరంగల్ అయితే 1758, 07935 దరిదాపుల్లో మొదలయ్యే అంకెలు కనిపిస్తాయి. 1758.20 అంటే 17.5820 డిగ్రీలు కాదు. 17 డిగ్రీల 58.20 నిమిషాలు, అంటే 17.97 డిగ్రీలు. నిమిషాలను 60తో భాగించకుండా మ్యాపులో వేస్తే చుక్క వరంగల్‌కు నైరుతిగా 50 కిలోమీటర్ల అవతల పడుతుంది. అప్పుడు యాంటెన్నాను తిట్టుకోవడం అన్యాయం. నియో-6ఎం నుంచి ఆరుబయట కంపెనీ చెప్పే కచ్చితత్వం రెండున్నర మీటర్లు. చేను హద్దు రాళ్లు దీనితో తేల్చాలనుకోకండి, గొడవలొస్తాయి.

రెండు యాంటెన్నాలు పెట్టేవాళ్లకు

ముందుగా ఒక మాట: ఒకే సాకెట్‌కు రెండు యాంటెన్నాలను టీ కనెక్టర్‌తో కలపకండి. రెండు చోట్ల అందుకున్న సిగ్నళ్లు కలిసి గందరగోళమవుతాయి, బలం పెరగదు.

తిరగేసి, ఒక యాంటెన్నాతో రెండు మాడ్యూళ్లు నడపాలంటే జీపీఎస్ స్ప్లిట్టర్ వాడండి. అందులో ఒక్క ముఖమే డీసీని పైకి పంపాలి, రెండోదాన్ని ఆపాలి. డీసీ పంపే ముఖానికున్న మాడ్యూల్ ఆపేస్తే రెండోదీ చెవిటిదైపోతుంది.

ట్రాక్టరు, పడవ, డ్రోన్ ముఖం ఏ దిక్కున ఉందో తెలియడానికి యూఎం982 లాంటి రెండు సాకెట్ల మాడ్యూళ్లు వాడతారు. రెండూ ఒకే మోడల్ యాంటెన్నాలు కావాలి, ఒకే పొడవు కేబుళ్లు కావాలి, రెండింటి కనెక్టర్లూ ఒకే దిక్కు చూడాలి. మధ్య దూరం మీటరు ఉంటే బాగుంటుంది, తగ్గేకొద్దీ దిక్కు కచ్చితత్వం కూడా తగ్గుతుంది. రెండూ కదలని ఒకే కడ్డీ మీద ఉండాలి. ట్రాక్టరు కప్పు ఊగితే రెండూ కలిసే ఊగాలి. దిక్కు సరిగ్గా 180 డిగ్రీలు తేడాగా వస్తే రెండు కేబుళ్లు తారుమారయ్యాయి. 90 తేడా వస్తే యాంటెన్నాలు ముందు వెనకలుగా కాకుండా కుడి ఎడమలుగా ఉన్నాయి, ఆ తేడాను సెట్టింగుల్లో చెప్పాలి.

ఇంకా కుదరకపోతే

జీఎస్‌వీలో ఒక్క ఉపగ్రహం కూడా లేదు: పిన్ను తగలడం లేదు, లేదా మధ్య పిన్నులో వోల్టేజీ లేదు. 1, 3 అంచెలకు వెళ్లండి.

నాలుగైదు కనిపిస్తున్నాయి, బలం 20 నుంచి 28: యాక్టివ్ యాంటెన్నాకు కరెంటు అందడం లేదు, లేదా కేబుల్ పొడవెక్కువ, లేదా బోర్లా పెట్టారు.

ల్యాప్‌టాప్ దగ్గర రాదు, దూరం జరిపితే వస్తుంది: పక్కనున్న సర్క్యూట్ల రొద. యాంటెన్నాను మీటరు దూరం జరపండి.

యాంటెన్నా తగిలించగానే మాడ్యూల్ రీసెట్ అవుతోంది: కేబుల్‌లో షార్ట్, ఎక్కువగా కొస దగ్గర అల్లిక పోగు ఒకటి మధ్య తీగకు తాకి ఉంటుంది. కొసను కోసి మళ్లీ వేయండి.

పగలు బాగుంది, రాత్రి ఆగిపోతోంది: చల్లబడ్డప్పుడు విడిపోయే వదులు కనెక్టరు. నట్టు విప్పి, పిన్ను లోపలికి జారిందేమో చూడండి.

మొదట్లో 45 వచ్చేది, వానలు పడ్డాక 33 వస్తోంది: కేబుల్లోకి నీరు దిగింది. రాగి అల్లిక నల్లబడి ఉంటుంది. ఆరబెట్టినా ఆ ముక్క మునుపటిలా కాదు, నల్లబడినంత మేర కోసేసి కొత్త కొస వేయండి, అల్లిక లోపలి దాకా నల్లగానే ఉంటే కేబులే మార్చండి.